మందుల మాట: ఫిట్స్ బిళ్ళలు వేసుకునేవాళ్ళ ఉత్తరాలు

పోయిన నెల బీపీ మందుల గురించి రాసినప్పుడు చివర్లో ఒక్క మాట అన్నాను, ఫిట్స్ మందు వాడేవాళ్ళు ఉంటే వాళ్ళ సందేహాలు కూడా రాయమని. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి పేరు లేదు, ఒకదానికైతే ఊరు కూడా లేదు. షుగర్ ఉందని పదిమందికీ చెప్పుకునే మనం ఫిట్స్ సంగతి మాత్రం పక్కింటికి తెలియనివ్వం, ఆ దాపరికం వల్ల మందు తప్పిపోయి జరిగే నష్టం ఎంతో ఈ ఉత్తరాలు చదివితే మీకే తెలుస్తుంది. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గర పనిచేసి రిటైరైన ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. ఏ మందు, ఎంత డోసు అన్నది మీకు చూసే డాక్టరే చెప్పాలి. రాసిచ్చిన మందుని ఇంట్లో ఎట్లా జాగ్రత్తగా వాడుకోవాలన్నది నేను చెప్పగలను. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

చీమకుర్తి నుంచి ఒక తండ్రి

మేడమ్ గారికి నమస్కారం. మా వాడికి 26 ఏళ్ళు, గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ దగ్గర పని. ఫిట్స్ వస్తే ఒంగోలులో చూపించాము, లెవెటిరాసెటమ్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. ఏడాదిన్నర ఏమీ రాలేదు. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాము. మాత్రలు ఎవరి కంటనైనా పడితే బాగుండదని మాలో మేమే అనుకుని ఆపేశాము. రెండు వారాలు తిరక్కుండానే పనిలో పడిపోయాడు, గడ్డానికి కుట్లు పడ్డాయి. మందుకు ఒళ్ళు అలవాటుపడిపోయి, అది లేకపోతే ఫిట్స్ వచ్చేట్టు అయిందా? ఇక జన్మంతా ఇదేనా?

జవాబు: అయ్యా, ముందు మీ మనసులో ఉన్న ఆ అనుమానం తీసేయండి, మందు మీ అబ్బాయికి కొత్త జబ్బు తెచ్చిపెట్టలేదు. ఫిట్స్ అంటే మెదడులో కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పడం, మీరు వాడిన మందు దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది అంతే, లోపలున్న కారణాన్ని తీసేయదు. చేనికి గట్టు ఉన్నన్నాళ్ళూ నీళ్ళు ఆగుతాయి, నీళ్ళు రావడం లేదు కదా అని గట్టు తీసేస్తే ఏమవుతుందో అదే జరిగింది. ఏడాదిన్నర ఏమీ రాలేదంటే మందు బాగా పనిచేస్తోందని అర్థం.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. ఈ మందులు ఏవైనా సరే ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మామూలు కంటే ఎక్కువగా తిరగబడొచ్చు. ముఖ్యంగా గార్డినాల్ అని పిలిచే ఫినోబార్బిటోన్, క్లోబాజామ్, క్లోనజెపామ్ లాంటివి నిజంగానే ఒళ్ళు అలవాటుపడే మందులు, వాటిని చటుక్కున మానేస్తే ఒకటి ఆగకముందే ఇంకొకటి వచ్చే ఫిట్స్ మొదలై ప్రాణం మీదికి రావచ్చు. మీవాడు కుట్లతో బయటపడ్డాడు, సంతోషం.

జన్మంతా వాడాలా అంటే అందరికీ అట్లా ఉండదు. మామూలుగా కనీసం రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా రాకుండా ఉంటే, అప్పుడు డాక్టరు ఈఈజీ (మెదడులో కరెంటు ఎట్లా ఉందో చూసే పరీక్ష), స్కాను, ఫిట్స్ ఏ రకమో చూసి, మందు ఆపొచ్చా లేదా అని ఆలోచిస్తారు. ఆపినా నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తూ ఆపుతారు. కొన్ని రకాలకు మాత్రం ఎంత కాలమైనా వాడాల్సిందే. మీవాడి రెండేళ్ళ లెక్క ఇప్పుడు మళ్ళీ మొదటికి వచ్చింది కాబట్టి ఇంకోసారి ఆ పని చేయకండి. అలాగే కొన్నాళ్ళు మానేసిన మందుని పాత డోసులోనే మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. లామోట్రిజిన్ అనే మందైతే నాలుగైదు రోజులు వరుసగా తప్పిందంటే మళ్ళీ చిన్న డోసు నుంచి ఎక్కించాలి, లేకపోతే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు వచ్చే వీలుంది.

పని విషయం: డాక్టరు సరే అనేదాకా కోత బ్లేడు, తిరిగే మిషన్ల దగ్గర వద్దు. సూపర్‌వైజర్‌తో మాట్లాడి లెక్కలు రాసే పనికో, సరుకు చూసుకునే పనికో మార్పించండి. అడగడానికి నామోషీ అనిపిస్తుందేమో, అయినా అడగండి.

ఇక పెళ్ళి. పాతకాలంలో హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డు ఉండేది, 1999లో చట్టాన్ని సవరించి ఆ మాట తీసేశారు. చట్టం అడ్డు తీసేశాక మనం ఇంట్లో దాచిపెట్టడం దేనికి? దాచి పెళ్ళి చేస్తే ఏమవుతుందో నేను కౌంటర్ దగ్గర చాలాసార్లు విన్నాను. పెళ్ళి పనుల్లో నిద్ర ఉండదు, అత్తగారింట్లో మాత్ర తీసి వేసుకోవడానికి మొహమాటం, నాలుగు డోసులు తప్పుతాయి, అందరి ముందూ పడిపోతారు. ఆ తర్వాత జరిగే గొడవ జబ్బు గురించి కూడా కాదు, ఎందుకు చెప్పలేదని. సరైన మందు సరిగ్గా వాడితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మాట అమ్మాయి తరఫువాళ్ళకు ముందే చెప్పండి, కావాలంటే డాక్టరు దగ్గరికి వాళ్ళని కూడా తీసుకెళ్ళండి.

విడవలూరు మండలం నుంచి ఒక యువకుడు

అక్కా, నేను రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. ఏరియేటర్లు ఆగిపోతే జనరేటర్ వేయాలి కాబట్టి నిద్ర ఉండదు. వాల్‌ప్రోయేట్ రోజుకు రెండుసార్లు వాడుతున్నా. పొద్దున వచ్చి పడుకుంటే బిళ్ళ మర్చిపోతున్నా. మర్చిపోయినరోజు సాయంత్రం రెండు కలిపి వేసుకుంటున్నా. తప్పా?

జవాబు: తమ్ముడూ, రెండూ కలిపి వేసుకోవద్దు. రోజుకు రెండుసార్లు వాడే మందైతే, గుర్తొచ్చినప్పుడు ఇంకా ఐదారు గంటలే గడిచి ఉంటే వెంటనే వేసుకో. తర్వాతి డోసు దగ్గర పడిందనుకో, పోయినదాన్ని వదిలేసి మామూలు టైముకు ఒక్కటే వేసుకో. డబుల్ డోసు పడితే మత్తు, తూలిపోవడం, వాంతులు వస్తాయి, గుంట గట్టు మీద నడిచేవాడికి అది ఎంత ప్రమాదమో నీకు చెప్పక్కర్లేదు. రెండు మూడు డోసులు వరుసగా తప్పితే మాత్రం డాక్టరుకు ఫోన్ చెయ్యి.

నీ టైములు పొద్దున, రాత్రి అని పెట్టుకోవద్దు, నీ డ్యూటీకి తగ్గట్టు మార్చుకుందాం. డ్యూటీ ఎక్కేముందు ఒకటి, పొద్దున ఇంటికి రాగానే ఏదో ఒకటి తిని, పడుకోకముందే ఒకటి, పన్నెండు గంటల తేడా ఉండేట్టు చూసుకుంటే చాలు. ఫోన్లో రెండు అలారాలు పెట్టుకో. రెండు రోజుల బిళ్ళలు జేబులో వేరే ఉంచుకో, అయితే పట్టీ నుంచి విడిగా తీసి కాగితంలో చుట్టి పెట్టుకోవద్దు, వాల్‌ప్రోయేట్ గాల్లో తేమని పీల్చి మెత్తబడిపోతుంది, సముద్రం పక్కన మరీ తొందరగా. పట్టీని కత్తిరించి ముక్కలుగా పెట్టుకో.

అసలు నన్ను భయపెట్టింది నీ నిద్ర. ఫిట్స్ తెప్పించే వాటిలో నిద్రలేమి చాలా పెద్దది, మందు తప్పకుండా వాడుతున్నా సరే నాలుగు రాత్రులు వరుసగా మేలుకుంటే ఫిట్ రావచ్చు. పొగాకు సీజన్లో బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకునే ప్రకాశం జిల్లా రైతులకూ ఇదే మాట. వీలుంటే పగటి డ్యూటీకి మారు, మేత వేసే పనో, లెక్కల పనో. మారే వీలు లేదంటే ఒంటరిగా ఉండొద్దు, పక్కన ఇంకో మనిషి ఉండాలి, ఆ మనిషికి నీ సంగతి తెలిసుండాలి, వలకో మోటారుకో నువ్వు నీళ్ళలోకి దిగకూడదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోనైనా ఫిట్ వచ్చి బోర్లా పడితే మనిషి దక్కడు. చలికి అని మద్యం తాగే అలవాటు ఉంటే అది కూడా మానెయ్యి, తాగిన రాత్రి కంటే దిగిన మర్నాడు ఫిట్స్ ఎక్కువ వస్తాయి.

కావలి నుంచి, కొత్తగా పెళ్ళైన అమ్మాయి

నాకు పదో తరగతి నుంచి ఫిట్స్. వాల్‌ప్రోయేట్ 500 రెండు పూటలా. పిల్లల కోసం అనుకుంటున్నాము. కడుపులో బిడ్డకు మంచిది కాదంట, మాత్ర మానెయ్యమని మా అత్తమ్మ అంటోంది. మా అమ్మ మానొద్దు అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మాయీ, మీ అత్తమ్మ భయంలోనూ నిజం ఉంది, మీ అమ్మ మాటలోనూ నిజం ఉంది. చేయాల్సింది మాత్రం మందు ఆపడం కాదు, ఈ వారంలోనే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళి "పిల్లల కోసం అనుకుంటున్నాం, నాకు వాల్‌ప్రోయేట్ నడుస్తోంది" అని చెప్పడం.

కారణం చెబుతాను. ఫిట్స్ మందులన్నిటిలో కడుపులో బిడ్డకు ఎక్కువ హాని చేసేది వాల్‌ప్రోయేటే. గర్భంతో ఉండగా ఇది వాడిన తల్లుల పిల్లల్లో వందకు సుమారు పదిమందికి పుట్టుకతో లోపాలు వస్తాయి, వెన్నుపూస మూసుకోకపోవడం లాంటివి. మామూలుగా అయితే అవి వందకు రెండు మూడే. అది కాక వందకు 30 నుంచి 40 మంది పిల్లల్లో మాటలు, చదువు, తెలివితేటల ఎదుగుదలలో ఇబ్బందులు కనిపిస్తాయి. డోసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. అందుకే పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్ళకు వేరే మందు పనిచేసేట్టయితే దీన్ని రాయకూడదని ఇప్పుడు చాలా దేశాల్లో గట్టి నియమం ఉంది. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ లాంటివి ఈ విషయంలో చాలా మేలు. మార్చడానికి నెలలు పట్టొచ్చు, ఒకటి పెంచుతూ ఇంకొకటి తగ్గించాలి కాబట్టి. అందాకా గర్భం రాకుండా జాగ్రత్తపడు.

బిడ్డ వెన్నుపూస మూసుకునేది గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తేలదు. నెల తప్పాక డాక్టరు దగ్గరికి పోదాంలే అనుకుంటే ఆలస్యం అయిపోతుంది అనేది ఇందుకే. ఫోలిక్ యాసిడ్ కూడా గర్భం రాకముందు నుంచే మొదలుపెట్టాలి. ఫిట్స్ మందు వాడేవాళ్ళకు మామూలుగా 5 మిల్లీగ్రాముల బిళ్ళ రాస్తారు.

ఒకవేళ ఈ పత్రిక నీ చేతికి వచ్చేసరికే నెల తప్పి ఉంటే కూడా, దయచేసి నీ అంతట నువ్వు మందు ఆపొద్దు, అదే రోజు డాక్టర్ని కలువు. తల్లికి పెద్ద ఫిట్ వస్తే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది, కడుపు మీద దెబ్బ తగలొచ్చు. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ వాడేవాళ్ళకు గర్భంలో రక్తంలో మందు పడిపోతుంది కాబట్టి డోసు పెంచాల్సి రావచ్చు, మధ్యమధ్యలో చూపించుకుంటూ ఉండాలి. కాన్పయ్యాక చాలావరకు ఈ మందులతో పాలివ్వొచ్చు, ఏ మందైతే ఎట్లా అన్నది ముందే అడిగిపెట్టుకో.

ఇదే సందర్భంలో మిగతా ఆడవాళ్ళకు ఒక మాట. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ వాడేవాళ్ళకు మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు, ఆ మందులు వీటిని శరీరంలో తొందరగా కరిగించేస్తాయి. మాత్ర వేసుకుంటూనే గర్భం వచ్చిందని ఏడ్చినవాళ్ళున్నారు. కాపర్-టీకి ఆ ఇబ్బంది లేదు. మీ అత్తమ్మని కూడా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళు, ఆమె చెవులతో ఆమె వింటేనే నీకు ఇంట్లో మనశ్శాంతి.

ఆత్మకూరు నుంచి

మా ఆయనకు కార్బమజెపిన్ మొదలుపెట్టి మూడు వారాలు. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడ్డాయి, జ్వరం. వేడి చేసిందంటున్నారు. మజ్జిగ ఇస్తున్నాము.

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు పత్రిక అచ్చయ్యేదాకా ఆగేది కాదు కాబట్టి అందిన రోజే ఫోన్ చేసి ఆసుపత్రికి పంపించాము. మిగతావాళ్ళ కోసం వేస్తున్నాను. కార్బమజెపిన్, లామోట్రిజిన్, ఫెనిటాయిన్ లాంటివి కొత్తగా మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దుర్లు వస్తే అది వేడి అనుకోవద్దు. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో, కళ్ళలో, మర్మాంగాల దగ్గర పుండ్లు, చర్మం పొరలుగా ఊడటం ఉంటే అది స్టీవెన్స్-జాన్సన్ అనే ప్రాణాంతకమైన రియాక్షన్ కావచ్చు, ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి, వేసుకున్న బిళ్ళల పట్టీ చేత్తో పట్టుకుని వెళ్ళాలి. ఫిట్స్ మందు సొంతంగా ఆపొద్దని ఇంతసేపూ చెప్పాను కదా, ఇక్కడ మాత్రం తర్వాతి డోసు వేసుకునేలోపే డాక్టరు చూడాలి, ఆ మందు ఆపి వెంటనే వేరేది ఇస్తారు. ఒకసారి ఇట్లా అయినవాళ్ళు జీవితంలో మళ్ళీ ఆ మందు ముట్టుకోకూడదు. దాని పేరు కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోండి.

కనిగిరి దగ్గర పల్లె నుంచి ఒక రైతు

ఇరవై ఏళ్ళుగా ఫెనిటాయిన్ వాడుతున్నా. మోకాళ్ళు, నడుము విపరీతంగా నొప్పి. మా ఊరి ఆర్ఎంపీ సూది వేసి బిళ్ళలు ఇచ్చాడు, నొప్పి తగ్గింది గానీ మూడోరోజు ఫిట్ వచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత రావడం. సూదికీ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: పెద్దాయనా, మీరు పంపిన పట్టీ ఫోటోలో పారాసెటమాల్‌తో పాటు ట్రామడాల్ ఉంది. ట్రామడాల్ ఫిట్స్ ఉన్నవాళ్ళకు ఇవ్వకూడని నొప్పి మందు, మామూలు డోసులోనే ఫిట్స్ తెప్పించగలదు. ఆ ఆర్ఎంపీకి మీ ఫిట్స్ సంగతి తెలిసి ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా అన్నది మీరు రాయలేదు. జ్వరానికైనా, పంటి నొప్పికైనా, విరేచనాలకైనా ఎవరి దగ్గరికి వెళ్ళినా నోరు తెరవగానే మొదటి మాట "నేను ఫిట్స్ మందు వాడుతున్నాను" అని చెప్పండి.

ట్రామడాల్ ఒక్కటే కాదు. విరేచనాలకూ మూత్రంలో మంటకూ చీటీ లేకుండా షాపులో అమ్మేసే సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ కూడా ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. కార్బమజెపిన్ వాడేవాళ్ళకు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఇస్తే రక్తంలో ఫిట్స్ మందు పెరిగిపోయి మనిషి తూలిపోతాడు. మీలాగా ఫెనిటాయిన్ వాడేవాళ్ళకు తామరకు ఇచ్చే ఫ్లూకోనజోల్‌తో అదే జరుగుతుంది. టీబీ మందులు మొదలుపెడితే వాటిలో ఒకటి రక్తంలో ఫిట్స్ మందుని పెంచుతుంది, ఇంకొకటి తగ్గిస్తుంది, కాబట్టి ఇద్దరు డాక్టర్లకూ రెండు చీటీలూ చూపించాలి. వాల్‌ప్రోయేట్ వాడే మనిషి ఆసుపత్రిలో చేరి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ సూది పడితే రక్తంలో వాల్‌ప్రోయేట్ ఒకట్రెండు రోజుల్లోనే పడిపోతుంది, ఐసీయూలో ఉన్నా సరే వెంట ఉన్నవాళ్ళు అడిగి గుర్తుచేయండి. జ్వరానికి ఒట్టి పారాసెటమాల్ మామూలు డోసులో పర్లేదు.

ఇక నొప్పులు. మీ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, దాని వల్ల ఎముకలు బిగుసుకుపోయి నొప్పులు రావడం కనిగిరిలో అందరికీ తెలిసిన బాధే. దానికి తోడు ఏళ్ళ తరబడి ఫెనిటాయిన్ వాడితే విటమిన్ డి తగ్గి ఎముకలు బలహీనపడతాయి. రెండూ కలిసి మిమ్మల్ని పీడిస్తున్నాయేమో, డాక్టరుతో చెప్పి విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించండి. కాల్షియం బిళ్ళ రాస్తే ఫెనిటాయిన్‌తో కలిపి మింగొద్దు, అసిడిటీ సిరప్ కూడా అంతే, రెండు గంటలైనా తేడా ఉండాలి, లేకపోతే ఫెనిటాయిన్ ఒంటికి పట్టదు. చిగుళ్ళు వాచి పళ్ళ మీదికి పెరిగాయా? అది కూడా ఈ మందు గుణమే, రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో తోముకోండి, పళ్ళ డాక్టరుకు చూపించుకోండి. నడక తడబడినా, ఒకటి రెండుగా కనపడినా, మాట ముద్దగా వచ్చినా రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేయించాలి. ఫెనిటాయిన్‌కు చిన్న డోసు పెంచినా రక్తంలో చాలా పెరిగిపోయే గుణం ఉంది, అందుకే ఫిట్ వచ్చింది కదా అని మీరే ఇంకో బిళ్ళ కలుపుకోవద్దు.

ఒంగోలు నుంచి

షాపులో ప్రతిసారీ వేరే కంపెనీ ఇస్తున్నారు, అదే మందు అంటారు. జన ఔషధిలో తక్కువకి వస్తుంది, తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. ఖర్చు భరించలేక నెలలో పది రోజులు మానేసే కంటే జన ఔషధి మందు క్రమంగా వాడటం వెయ్యిరెట్లు మేలు. ప్రతినెలా మార్చడమే మంచిది కాదు. ముఖ్యంగా ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌కు కంపెనీ మారితే రక్తంలో చేరే మోతాదు కొంచెం అటూ ఇటూ కావచ్చు, అప్పటిదాకా అదుపులో ఉన్న మనిషికి ఆ కొంచెమే చాలు. ఒక కంపెనీ ఎంచుకుని దాని మీదే ఉండండి, మార్చక తప్పకపోతే డాక్టరుకు చెప్పి మార్చండి. పట్టీ మీద సీఆర్ అనో ఈఆర్ అనో ఉంటే అది నిదానంగా కరిగే బిళ్ళ, దాని బదులు ఆ అక్షరాలు లేనిది తీసుకోకూడదు, నలిపి మింగకూడదు. ఇంకో వారం మందు ఉండగానే కొత్తది కొనండి, ఆదివారం రాత్రి చివరి బిళ్ళ అయిపోయి షాపులు మూసి ఉంటే ఏం చేస్తారు? బాత్రూమ్ అలమరలో, వంటగది కిటికీలో పెట్టొద్దు. తేమ తగిలితే కార్బమజెపిన్ గట్టిపడి సరిగా కరగదు.

కోవూరు నుంచి ఒక తల్లి

మా పిలకాయకి నాలుగేళ్ళు. ఫెనిటాయిన్ సిరప్ టీ చెంచాతో పోస్తున్నా. సీసా కొత్తదిగా ఉన్నప్పుడు ఫిట్స్ వస్తున్నాయి, చివరికి వచ్చేసరికి మత్తుగా పడుంటాడు. ఎందుకో అర్థం కావడం లేదు.

జవాబు: ఎంత బాగా గమనించావమ్మా. ఈ సిరప్‌లో మందు అడుగుకు దిగిపోతుంది. కదపకుండా పోస్తే పైన ఉన్నంతకాలం పల్చటి నీళ్ళు వెళ్తాయి, అడుగుకొచ్చేసరికి చిక్కటి మందు వెళ్తుంది. నువ్వు రాసింది అచ్చంగా అదే. ప్రతిసారీ సీసాని బాగా కుదిపి పొయ్యి, ఇంట్లో చెంచా పక్కన పెట్టి మందు షాపులో ఇచ్చే సూది లేని సిరంజితో ఎంఎల్ లెక్క చూసి పొయ్యి. అయినా మత్తు తగ్గకపోతే రక్తపరీక్షకు తీసుకెళ్ళు. పిల్లలు బరువు పెరిగేకొద్దీ డోసు మారుతుంది, పాత చీటీతో ఏడాది పొడుగునా కొనొద్దు.

మందు వేసిన పదిహేను ఇరవై నిమిషాల్లోపు మొత్తం కక్కేస్తే మళ్ళీ వేయాలా అని డాక్టర్ని ముందే అడిగి ఉంచుకో. జలుబు చేస్తే కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయడం, నీలగిరి తైలం చుక్కలు వేయడం మన ఇళ్ళలో అలవాటు. ఈ రెండూ ఫిట్స్ తెప్పించగలవు, పొరపాటున నోట్లోకి పోతే మరీ ప్రమాదం, ఆ సీసాలు ఇంట్లోంచి తీసేయి. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి, దాని కోసం మందు మాత్రం ఆపొద్దు. ఏ మందు కలిపారో చెప్పకుండా ఇచ్చే నాటు పొడులు వద్దు, అట్లాంటి కొన్నిటిని పరీక్షిస్తే లోపల ఫినోబార్బిటోన్ లాంటి ఇంగ్లీషు మందులే బయటపడిన సందర్భాలున్నాయి, ఎంత కలిపారో ఎవరికీ తెలియదు.

నెల్లూరు నుంచి

రంజాన్ ఉపవాసాల్లో మందు ఎట్లా?

జవాబు: రంజాన్‌కు నెల ముందే డాక్టర్ని కలవండి. రెండు పూటల మందుని సహరీకి, ఇఫ్తార్‌కు సర్దడం కొందరికి కుదురుతుంది, మూడు పూటల మందు వాడేవాళ్ళకు కుదరకపోవచ్చు. ఫిట్స్ ఇంకా అదుపులోకి రానివాళ్ళు ఉపవాసం ఉండొద్దు, జబ్బున్నవాళ్ళకు మతంలోనే మినహాయింపు ఉంది. శివరాత్రి జాగరణ చేసేవాళ్ళకూ, అయ్యప్ప మాల వేసుకుని తెల్లవారుజామునే నదిలో ఒంటరిగా దిగేవాళ్ళకూ చెబుతున్నాను, మందు నీళ్ళతో మింగితే వ్రతం చెడదు, నిద్ర చెడితే మాత్రం ఫిట్ వస్తుంది.

పొదిలి నుంచి ఒక భార్య

లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాక ఫిట్స్ ఆగాయి గానీ ఆయనకు విపరీతమైన కోపం. పిల్లల్ని కొడుతున్నాడు, ఒకరోజు చచ్చిపోతా అన్నాడు. ముందు ఇట్లా లేడు.

జవాబు: అమ్మా, అది ఆయన స్వభావం మారడం వల్లే అనుకోకండి. ఈ మందుకు చిరాకు, కోపం, దిగులు తెచ్చే గుణం కొందరిలో ఉంది. డోసు తగ్గించినా, మందు మార్చినా చాలామంది మళ్ళీ మామూలు మనుషులవుతారు. ఇది డాక్టరుకు ఆయన చెప్పరు, మీరే చెప్పాలి, విడిగా అయినా సరే. చచ్చిపోతా అన్న మాటని తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలకండి, బిళ్ళల డబ్బా మీ దగ్గర పెట్టుకుని పూటకు పూట మీరే ఇవ్వండి. మనసు బాధల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

బిట్రగుంట నుంచి

స్కానింగ్‌లో మెదడులో పురుగు అన్నారు. షాపులో ఆల్బెండజోల్ కొని వాడేస్తే పురుగు పోతుంది కదా, ఫిట్స్ మందు దేనికి?

జవాబు: ఆ పని అస్సలు చేయొద్దు. బద్దెపురుగు గుడ్లు శుభ్రం లేని నీళ్ళతో, కడగని కూరగాయలతో కడుపులోకి పోయి మెదడుకు చేరడం మన దేశంలో ఫిట్స్‌కు ఒక ముఖ్య కారణం. మందుతో ఆ పురుగు చచ్చేటప్పుడు చుట్టూ మెదడు వాస్తుంది, అందుకే డాక్టర్లు స్టెరాయిడ్ రక్షణ పెట్టి ఆల్బెండజోల్ ఇస్తారు, కొందరికైతే అసలు ఇవ్వరు. పురుగు పోయాక కూడా అక్కడ మచ్చ మిగిలి దాని నుంచే ఫిట్స్ రావచ్చు. కాబట్టి డాక్టరు ఆపమనేదాకా ఫిట్స్ మందు ఉంటుంది.

ఊరు రాయని ఉత్తరం

మా నాన్న మందు వాడుతూనే బైక్ నడుపుతున్నాడు, చెప్తే వినడు. ఫిట్ వస్తే మేము చేతిలో తాళాలు పెడుతున్నాము. కరెక్టేనా?

జవాబు: లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లోనే మూర్ఛ గానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ ఉందా అని అడుగుతారు. ఊరికే పెట్టలేదు ఆ ప్రశ్న. హైవే మీద లారీల మధ్య రెండు సెకన్లు స్పృహ పోతే మీ నాన్నతో పాటు ఎదురొచ్చేవాళ్ళ ప్రాణం కూడా పోతుంది. బండి తాళం మీరు తీసుకోండి, ఆయన్ని మీరే దింపి తీసుకురండి.

తాళాల వల్ల ఫిట్ ఆగదు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, అప్పుడు తాళం వల్ల ఆగిందనిపిస్తుంది. ఉల్లిపాయ, చెప్పు వాసన కూడా అంతే. పళ్ళ మధ్య చెంచా, గుడ్డ, వేలు పెట్టొద్దు, కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవద్దు, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు పోయొద్దు, మాత్ర వేయొద్దు. తల కింద మెత్తటిది పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా రెండోది వచ్చినా, నీళ్ళలో పడినా, తలకు దెబ్బ తగిలినా, గర్భిణి అయినా 108కి ఫోన్ చేయండి.

ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే డాక్టరు చీటీ మీద దొరుకుతుంది, తరచూ ఎక్కువసేపు ఫిట్స్ వచ్చేవాళ్ళ ఇంట్లో అది ఉండాలి. ఎన్ని నిమిషాలు దాటాక కొట్టాలి, ఎన్నిసార్లు కొట్టాలి అన్నది మీ నాన్న బరువు చూసి డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్ని స్ప్రే డబ్బాకే రబ్బర్ బ్యాండుతో చుట్టి పెట్టండి. డబ్బా మీద గడువు తేదీ ఆరు నెలలకోసారి చూసుకోండి.